ఖాళీ అయిన ఒక్క పోస్టు: మెటీరియల్స్ వాళ్లకా, విశ్వశాస్త్రానికా?

గుంపులో_గోవిందం:
మనది ఒక భౌతికశాస్త్ర విభాగం. నానో పదార్థాలు, పాలిమర్ ఎలక్ట్రానిక్స్, సైద్ధాంతిక విశ్వశాస్త్రం అని మూడు గ్రూపులు. మూడోదాన్ని గ్రూపు అనడమే గానీ ఉన్నది ఇద్దరు, అందులో ఒకరు రిటైరయ్యారు. ఆ పోస్టును మెటీరియల్స్ వైపు మళ్లించాలన్న ప్రతిపాదన వచ్చింది. నేను అనుకూలం. ప్లాస్టిక్ కూడా కరెంటు మోస్తుందని 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ చూపించారు, 2000లో నోబెల్ వచ్చింది. క్వాంటమ్ డాట్లు, అంటే రంగుల కాంతినిచ్చే నానో స్ఫటికాలు, టీవీల్లోకి వచ్చేశాయి, 2023 నోబెల్ వాటికే. మరి విశ్వశాస్త్రంలో? గూత్ 1981లో ఇన్‌ఫ్లేషన్ (తొలి క్షణంలో విశ్వం ఒక్కసారిగా ఉబ్బిందన్న సిద్ధాంతం) పేపరు రాశాడు. అప్పట్నుంచి వందల మోడళ్లు పుట్టాయి. ఒక్కటైనా చచ్చిందా? చావని సిద్ధాంతానికి జీతం ఎందుకండీ?

కాంతి_శంకు:
చావలేదని ఎవరన్నారు గోవిందం గారూ? ఇన్‌ఫ్లేషన్ మోడళ్లన్నిటిలోకీ సులువైనది, పీహెచ్‌డీ మొదటి ఏడాది పిల్లలు హోంవర్కుగా చేసేది, పొటెన్షియల్ (ఆ ఉబ్బును నడిపే క్షేత్రంలోని శక్తి) క్షేత్రపు వర్గంతో పెరిగేది. తొలి విశ్వపు అలజడుల్లో గురుత్వ తరంగాల వాటా, అంటే మేము ‘ఆర్’ అనుకునే సంఖ్య, సుమారు 0.13 ఉండాలని అది చెప్పింది. దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్, కెక్ టెలిస్కోపుల కొలతలు 2021లో ఆ పరిమితిని 0.036 కిందికి దించేశాయి. మోడల్ పోయింది. ఒక సంఖ్య చెప్పి, ఆ సంఖ్య దగ్గరే ఓడిపోయింది. ఇంతకంటే మర్యాదగా ఏ సిద్ధాంతం చావాలి?

విశ్వమంతా నిండిన సూక్ష్మతరంగ వికిరణం సంగతీ చూడండి. దాని ఉష్ణోగ్రత 5 కెల్విన్ దాకా ఉంటుందని ఆల్ఫర్, హెర్మన్ 1948లోనే కాగితం మీద లెక్కగట్టారు. 1965లో బెల్ ల్యాబ్స్ యాంటెనాలో ఎంత తుడిచినా పోని రొదగా దొరికింది, తర్వాతి కొలతల్లో 2.7 కెల్విన్ దగ్గర తేలింది.

సన్నపొర:
నేను పాలిమర్ వైపు మనిషిని. ఆ పోస్టు మాకొస్తే నాకే లాభం. అయినా ‘మెటీరియల్స్ అంటే ఉపయోగం’ అన్న మాట నాకు మింగుడుపడదు.

మీ చేతిలోని ఫోన్ స్క్రీన్ ఓఎల్‌ఈడీ అయితే అందులో వెలిగేది దాదాపుగా పాలిమర్ కాదు. చిన్న అణువులను శూన్యంలో ఆవిరి చేసి పొరలుగా దించుతారు. అది 1987లో కొడాక్‌లో టాంగ్, వాన్ స్లైక్ వేసిన దారి. కేంబ్రిడ్జిలో 1990లో పాలిమర్‌ను వెలిగించినప్పుడు మేమంతా చెప్పుకున్నది వేరు: ద్రావణంలో కరిగించి, సిరాలాగా ముద్రించి, చాపలా చుట్టేసే స్క్రీన్లు. ఆ వాక్యం గ్రాంటు దరఖాస్తుల్లో ఇప్పటికీ అలాగే ఉంది, ఏడాది అంకె ఒక్కటే మారుతుంది. గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందపు కార్బన్ పొర) వాళ్లదీ ఇదే తంతు. యూరప్ 2013లో వంద కోట్ల యూరోల కార్యక్రమం పెట్టింది. సిలికాన్‌ను పక్కకు నెట్టే ట్రాన్సిస్టర్ రాలేదు. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తి ఖాళీ) లేనిదాన్ని పూర్తిగా ఆపేయడం కుదరదు కదా, ఆ సంగతి మొదట్నుంచీ తెలిసిందే. నిజంగా నిలబడింది కరెంటు మోసే పెడాట్ లాంటి పాలిమర్: ఫోటో ఫిల్ముకు స్థిర విద్యుత్తు అంటకుండా పూసే పూతగా. దాని గురించి ఎవరూ ఉపన్యాసాలివ్వరు.

ఇంకో ముచ్చట, ల్యాబ్ లోపలిది. సేంద్రియ ట్రాన్సిస్టర్‌లో మొబిలిటీ (ఆవేశం ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పే అంకె) కొలవాలంటే గేట్ వోల్టేజీ పెంచుతూ కరెంటు గీత గీస్తాం, దాని వాలులోంచి విలువ తీస్తాం. చాలా పాలిమర్లలో ఆ గీత మొదట నిటారుగా లేచి, తర్వాత వంగి సాగుతుంది. మొదటి ముక్కలో కాంటాక్టుల ప్రభావం కలిసిపోయి ఉంటుంది. ఆ నిటారు ముక్క మీదే స్కేలు పెడితే మొబిలిటీ పది రెట్లయినా కనిపిస్తుంది, పేపరు పెద్ద జర్నల్‌కు పోతుంది. వంగిన ముక్క మీద పెడితే పోదు. విశ్వశాస్త్రం వాళ్లు ఊహల్లో బతుకుతారు అనేముందు మా స్కేలు ఎక్కడ పెడుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

గుంపులో_గోవిందం:
సన్నపొర గారూ, మీ నిజాయితీకి దండం. కానీ మీ ఉదాహరణలు నా వైపే మొగ్గుతున్నాయి. బెల్ ల్యాబ్స్‌లో షోన్ చేసిన మోసం గుర్తుందా? సేంద్రియ స్ఫటికాలతో అద్భుతాలని పేపర్ల మీద పేపర్లు. వేర్వేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫుల్లో రొద కూడా చుక్క పొల్లుపోకుండా ఒకటే! 2002లో విచారణ కమిటీ 24 ఆరోపణలు చూసి 16 రుజువైనట్టు తేల్చింది. ఎలా దొరికాడు? ఎన్ని ల్యాబులు ప్రయత్నించినా అది పనిచేయలేదు, అనుమానం అక్కడే మొదలైంది. మెటీరియల్స్‌లో అబద్ధం ఎన్నాళ్లో నిలవదు.

కాంతి శంకు గారు చెప్పిన 0.036 ఎవరిది? దక్షిణ ధ్రువంలో టెలిస్కోపు పెట్టినవాళ్లది. మన విభాగంలో ఖాళీ అయినది టెలిస్కోపు పోస్టు కాదు. వచ్చేవారు నూటొకటో పొటెన్షియల్ రాస్తారు, అంతే.

కాంతి_శంకు:
టెలిస్కోపు వాళ్లూ పొరబడతారు. ఇదే బైసెప్ బృందం 2014 మార్చిలో ‘ఆర్’ 0.2 అని ప్రకటించింది. షాంపేన్ కూడా పొంగింది. ఏడాది తిరక్కుండానే, ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో కలిపి చూస్తే, అందులో చాలా భాగం మన పాలపుంతలోని ధూళి అని తేలింది. ధూళి సంగతి ముందుగా పట్టుకున్నవాళ్లలో సిద్ధాంతకర్తలూ ఉన్నారు.

పాతకాపు:
ఈ గొడవ కొత్తదేం కాదు. అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1952లో కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అక్కడ ఆయనకు అప్పజెప్పిన పని లోహాల ధర్మాలు. సాపేక్షతా సిద్ధాంతం మీద మనసున్న మనిషిని మెటీరియల్స్‌లో కూర్చోబెట్టారన్నమాట. ఆ పని చేస్తూనే ఆయన రాసిన సమీకరణం 1955లో ఫిజికల్ రివ్యూలో వచ్చింది. పెన్‌రోజ్ 1965లో సింగులారిటీ (సాపేక్షత లెక్కలే తెగిపోయే చోటు) గురించి రుజువు చేసినదానికి అదే పునాది, పెన్‌రోజ్‌కు 2020లో నోబెల్. అప్పటి కమిటీలో మీరుంటే ఏం చేసేవారు గోవిందం గారూ?

గుంపులో_గోవిందం:
ఏం చేసేవాణ్ణా? అచ్చం వాళ్లు చేసిందే! లోహాల పోస్టు ఇచ్చేవాణ్ణి, ఆయన సాపేక్షత ఎలాగూ చేసుకునేవారు 🙂 సరదా పక్కన పెడితే, ఒక్క రాయ్‌చౌధురి పేరు చెప్పి ఎన్ని పోస్టులు నింపుతారండీ? పేరు మిగలనివాళ్ల లెక్క ఎవరూ తీయరు.

సొలిటాను:
సార్, నేను పీహెచ్‌డీ స్టూడెంట్‌ని, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. రెండు వైపుల్నీ అసలు ఎందుకు విడదీస్తున్నారో అర్థం కావట్లేదు. పాలీఅసిటిలీన్ గొలుసులో ఒంటి బంధం, జంట బంధం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ వరసను రెండు రకాలుగా మొదలుపెట్టొచ్చు. గొలుసు ఎడమ సగం ఒక రకం, కుడి సగం రెండో రకం అయితే మధ్యలో ఒక అతుకు మిగులుతుంది. ఆ అతుకు దగ్గర ఎలక్ట్రానుకు బ్యాండ్ గ్యాప్ సరిగ్గా నడిమధ్యలో ఒక స్థాయి దొరుకుతుంది. ఆవేశం ఉండి స్పిన్ లేని వింత జీవి అలా పుడుతుంది. సూ, ష్రీఫర్, హీగర్ 1979లో చెప్పింది ఇదే. దీనికి మూడేళ్ల ముందు, 1976లో, జాకివ్, రెబ్బీ క్షేత్ర సిద్ధాంతంలో, ఏ పాలిమర్ ఊసూ లేకుండా, ఇదే గణితం రాశారు. అదే 1976లో కిబుల్, తొలి విశ్వం చల్లబడినప్పుడు ఇలాంటి అతుకులు, తీగలు మిగిలిపోతాయన్నాడు. 1991లో ఆ లోపాల పోకడను లిక్విడ్ క్రిస్టల్‌లో, బల్ల మీద, చూశారు. మా పాలిమర్ గ్రూపులో ఈ సమీకరణాలు మాకు నేర్పింది రిటైరైన ఆ విశ్వశాస్త్రం సారే.

సన్నపొర:
తమ్ముడూ, కథ బాగుంది, గణితమూ సరే. కానీ దీన్ని వాదనగా వాడొద్దు. ష్రీఫర్ అతివాహకత మనిషి, పాలీఅసిటిలీన్ దగ్గరికి ఏ విశ్వశాస్త్రవేత్తా ఆయన్ని చెయ్యి పట్టి తీసుకురాలేదు. ‘విశ్వశాస్త్రం ఉంటే పాలిమర్‌కు లాభం’ అని మొదలుపెడితే మళ్లీ గోవిందం గారి తూనికే చేతిలోకి తీసుకున్నట్టు. మొత్తం విశ్వంలో మనకు తెలియని శక్తి 70 శాతం దాకా ఉందని 1998 నుంచీ తెలుసు. దాని గురించి ఆలోచించేవాళ్లు ఒక భౌతికశాస్త్ర విభాగంలో ఉండటానికి మా ట్రాన్సిస్టర్ల సిఫారసు ఎందుకు?

డబ్బు మాటే కావాలంటే అదీ చెప్తా. కొత్త ప్రయోగాల మనిషి వస్తే గ్లవ్‌బాక్స్ (గాలి, తేమ తగలని పెట్టె) కావాలి, పొరలు దించే ఎవాపరేటర్ కావాలి. ఉన్న గ్లవ్‌బాక్స్‌లోనే ఆక్సిజన్ రీడింగ్ కిందికి దిగట్లేదు, ఫిల్టర్ మార్చడానికి డబ్బుల్లేవు. సిద్ధాంతం మనిషికి ఒక గది, ఒక కంప్యూటర్ చాలు.

గుంపులో_గోవిందం:
ఆ డబ్బు వచ్చే మనిషే గ్రాంటుగా తెచ్చుకుంటారు, అందుకేగా అనుభవమున్నవాళ్లను తీసుకునేది. సరే, నా మాట ఇది. ప్రకటనలో ‘విశ్వశాస్త్రం’ అని మాత్రమే రాస్తే చెయ్యెత్తను. ‘క్షేత్ర సిద్ధాంతం, పదార్థ భౌతికంలో కూడా పాఠం చెప్పగలగాలి’ అని రాస్తే ఎత్తుతా.

కాంతి_శంకు:
అలా రాస్తే సెలెక్షన్ కమిటీలో ఐదుగురికి నలుగురు మెటీరియల్స్ వాళ్లే కూర్చుంటారు. ఇంటర్వ్యూకు ముందే ఎవరొస్తారో చెప్పేయొచ్చు. కమిటీ పేర్లు ముందు ఖరారు చేయండి, ప్రకటన మాట తర్వాత.