మా తమ్మునికి తగిన పని మిర్యాలగూడ దిక్కు ఎక్కడ దొరుకుతది?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా తమ్మునికి 24 ఏండ్లు, మేధో వైకల్యం ఉన్నది. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉన్నదని సర్కారు ఇచ్చే కాయిదం) ఉన్నది, పింఛన్ 4,016 రూపాయలు వస్తది. స్పెషల్ స్కూల్ అయిపోయినకాంచి ఇంట్లనే ఉంటుండు.

వాడు పనిమంతుడు. దగ్గరుండి చూపిస్తే ఖాళీ సంచులు దులిపి, మడిచి, ఒద్దికగ పేరుస్తడు, మధ్యల వదిలిపెట్టడు. పైసల లెక్క రాదు. ఎవరన్న గట్టిగ అరిస్తే బెదిరిపోతడు. ఒక రైస్ మిల్లుల పెడితే కూలి సగమే ఇచ్చిన్రు, పైనుంచి ఎగతాళి. అమ్మ మానిపించింది, మంచిపనే చేసింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్కారు కొలువులల్ల 4 శాతం రిజర్వేషన్ ఉన్నది గానీ, పరీక్షలు రాయలేని మా వానికి అదెట్ల అందుతది? వానికి కావాల్సింది కొన్ని నెలలు పక్కనుండి నేర్పే మనిషి, ఓపికున్న యజమాని. సికింద్రాబాద్‌ల ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నోళ్ల కోసం పెట్టిన కేంద్ర సర్కారు సంస్థ) ఉన్నది, కానీ వాడు అమ్మను విడిచి ఉండలేడు.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లల్ల ఇట్ల పని నేర్పి కుదిర్చేటోళ్లు ఎవరన్న ఉన్నరా? జీతం మొదలైతే పింఛన్ ఆపుతరా? నేషనల్ ట్రస్ట్ చట్టం (మేధో వైకల్యం లాంటివి ఉన్నోళ్లకు సంరక్షకులను పెట్టే చట్టం) కింద కలెక్టర్ కమిటీ నుంచి గార్డియన్‌షిప్ తీసుకున్నోళ్లుంటే, ఏమేం కాయిదాలు అడిగిన్రో చెప్పుండ్రి.