అప్‌డేట్: పాత రైడింగ్ మోవర్ డెక్ ఒకవైపు వాలి కోస్తోంది (పరిష్కారమైంది)

ఒహాయోలో మా పెరటి గడ్డి కోసే పాత రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే యంత్రం) డెక్, అంటే బ్లేడ్లుండే కింది భాగం, ఎత్తు లీవర్‌ను ఏ గాడిలో పెట్టినా కుడివైపు మట్టిదాకా గొరిగేస్తోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డెక్‌ను మోవర్‌కు వేలాడదీసే లింకు (కలిపే ముక్క) చూడమన్నవారి మాటే నిజమైంది. కుడివైపు లింకులో పిన్ను రంధ్రం అరిగి కోలగా సాగింది. లీవర్‌ను ఎంత మార్చినా ఆ వాలు పోదు మరి! టైర్లలో గాలి రెండువైపులా సమానమే, బ్లేడ్లు వంగలేదు, బేరింగులూ బాగున్నాయి.

కొత్త లింకు, పిన్ను వేశాక చదునైన కాంక్రీటు మీద నిలిపి, ఇంజిన్ అనుకోకుండా స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్ వైరు తీసేశాను. మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. బ్లేడ్లను అడ్డంగా తిప్పి, ఇరువైపులా బయటి కొనలు నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో కొలిచి, లింకు నట్టుతో సమం చేశాను. తర్వాత బ్లేడ్లను ముందువెనుకలుగా తిప్పి, ముందు కొన వెనుక కొనకంటే పావు అంగుళం కిందికి ఉండేలా ముందు కడ్డీని బిగించాను. ఎంత తేడా ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి.

ఇప్పుడు 3 అంగుళాల ఎత్తులో సమంగా కోస్తోంది. డెక్ పక్కనుండే చిన్న చక్రాలను కూడా నేలకు కాస్త పైన ఉండేలా మార్చాను. డెక్ బరువు మోయడం వాటి పని కాదు.