దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు వచ్చినా కాలేజీలో చేర్చుకోవట్లేదు, ముందు ఎక్కడికి పోవాలి?

మాది దేవరకొండ పక్కన తండా, లంబాడీలం. చెల్లెకు దోస్త్‌లో ఎస్టీ కోటా కింద నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది, ఆన్‌లైన్ రిపోర్టింగ్ కూడా అయిపోయింది, కానీ అక్కడికి పోతే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకొద్దు, ఫీజు మొత్తం కట్టండి అన్నారు. అందరికీ అదే రూలేమో అనుకుంటే, పక్కనున్న వేరే కులం అమ్మాయిని అదే రీయింబర్స్‌మెంట్ మీద చేర్చుకున్నారు, పైగా "తండా పిల్లలు సగంలో మానేస్తరు" అని అందరి ముందే అనేశారు. రాసివ్వమంటే ఇవ్వరు.

జాతీయ ఎస్టీ కమిషన్‌కు రాయాలా, నేరుగా హైకోర్టులో రిట్ వేయాలా? 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్టీలకు లాయర్ ఉచితమే కదా, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోతే రిట్ దాకా చూస్తారా? ఆ మాటకు 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుందా? సాక్షి ఆ అమ్మాయే, చెప్తదో లేదో. గొడవ పెడితే ఉన్న సీటు పోతుందని నాన్నకు టెన్షన్. ఇలాంటిది నడిపినవాళ్లుంటే చెప్పండి, చివరి విడత దగ్గరపడింది.