'కైండ్ ఆఫ్ బ్లూ' ఎ సైడు శ్రుతి ఎక్కువ: తప్పు టర్న్‌టేబుల్‌దా, రికార్డుదా?

గాడి33: మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' పాత కొలంబియా ప్రెస్సింగ్ (ఆ కంపెనీ అచ్చేసిన ఎల్‌పీ) వేస్తున్నాను. ఎ సైడులోని 'సో వాట్' డి మైనర్‌లో కదా, కీబోర్డుతో కలవట్లేదు, కాస్త పైన పలుకుతోంది. బి సైడు మాత్రం సరిగ్గా ఉంది. టర్న్‌టేబుల్ తిప్పే బెల్టు మార్చాలా?

నీలిస్వరం: బెల్టు జోలికి పోకండి. వేగం తప్పైతే రెండు సైడులూ తప్పుతాయి. ఎ సైడులోని మూడు పాటలూ 1959 మార్చి 2న రికార్డయ్యాయి. ఆ రోజు మెయిన్ టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో వేస్తే శ్రుతి పెరుగుతుంది. బి సైడు ఏప్రిల్ 22 నాటిది, దానికి ఈ గోల లేదు. 1992లో, ఆ రోజే పక్కన నడిచిన రెండో మెషీన్ టేపు తీసుకుని సరిచేశారు. అంతకుముందు అచ్చైన ఎల్‌పీలన్నీ ఇంతే.

టోన్‌ఆర్మ్: నిజమే, అయినా స్ట్రోబ్ డిస్కుతో (వేగం సరిచూసే గీతల చక్రం, టర్న్‌టేబుల్ మీద పెట్టి తిప్పుతారు) ఓసారి చూసుకోండి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో 180 గీతల వరుస కదలకుండా కనిపించాలి. 216 గీతలది అమెరికా 60 హెర్ట్జ్‌కి. మామూలు ఫిలమెంట్ బల్బు కింద చూడండి, చాలా ఎల్‌ఈడీల కింద గీతలు తేలవు.

గాడి33: 180 నిలకడగానే ఉందండి. వేగం కాస్త పెంచే, తగ్గించే పిచ్ స్లైడర్ ఉంది, వాడొచ్చా?

నీలిస్వరం: నిక్షేపంగా. కీబోర్డులో డి పట్టుకుని, బాసు కలిసేదాకా మైనస్ వైపు కొద్దికొద్దిగా జరపండి. బి సైడు తిప్పేముందు సున్నాకి తేవడం మరవకండి.