మిగిలిన ప్రెయిరీని కాపాడాలా, పోయినదాన్ని మళ్లీ పెంచాలా?

గడ్డిపరక:
అమెరికాలో టాల్‌గ్రాస్ ప్రెయిరీ, అంటే పొడవాటి గడ్డి సహజంగా పెరిగే మైదానం, ఒకప్పుడు దాదాపు 17 కోట్ల ఎకరాలు ఉండేది, ఇప్పుడు 4 శాతం కూడా లేదు. ఉన్న కాస్త డబ్బుతో ఇంతవరకు నాగలి తగలని ముక్కల్ని కొని కాపాడాలా, మొక్కజొన్న పొలాల్లో గడ్డి విత్తనాలు చల్లి మళ్లీ పెంచాలా? నా ఓటు మొదటిదానికే. విస్కాన్సిన్‌లో కర్టిస్ ప్రెయిరీని మళ్లీ పెంచడం 1930ల్లో మొదలుపెట్టారు, ఇప్పటికీ కలుపుతో కుస్తీ పడుతూనే ఉన్నారు.

మట్టిమనిషి:
మరి అయోవా వాళ్లు ఏం కాపాడుకోవాలండీ? అక్కడ మిగిలింది 0.1 శాతం లోపే, అదీ పాత శ్మశానాల మూలల్లో, రైలు పట్టాల పక్కన. అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పొలంలో పదో వంతు ప్రెయిరీ పట్టీలుగా వేసి చూస్తే కొట్టుకుపోయే మట్టి 95 శాతం తగ్గింది. రైతుకి సీతాకోకచిలుకల కథ చెప్తే నవ్వుతాడు, మట్టి పోతోందంటే కూర్చుని వింటాడు.

గడ్డిపరక:
పట్టీలు వద్దనట్లేదు, వాటిని ప్రెయిరీ అనొద్దంటున్నా. ప్రభుత్వం డబ్బిచ్చే ఒప్పందం పది పదిహేనేళ్లే, ఆ తర్వాత మొక్కజొన్న ధర పెరిగిందంటే ట్రాక్టర్ దిగదని ఎవరు హామీ ఇస్తారు?

రాతినేల:
కాన్సస్‌లో ఫ్లింట్ హిల్స్ అనే కొండల్లో ప్రెయిరీ మిగిలింది ఎవరో కాపాడినందుకు కాదు, పైపైనే చెకుముకి రాయి ఉండి నాగలి దిగలేదు కాబట్టి, పశువులు మేపుకున్నారు కాబట్టి. అక్కడ 1996లో దాదాపు 11 వేల ఎకరాల్ని నేషనల్ ప్రిజర్వ్ (దేశం తరఫున రక్షించే ప్రాంతం) చేశారు, సరే. కానీ కొనేసి కంచె వేసి వదిలేస్తే కొన్నేళ్లకే సీడార్ చెట్లు కమ్మేస్తాయి, మంట పెట్టాల్సిందే. పొగ వచ్చిందని తిట్టేవాళ్లలో ప్రెయిరీ ప్రేమికులూ ఉంటారు, అదొక తమాషా.

విత్తనాలసంచి:
నేను ఇలినాయ్‌లో మళ్లీ పెంచిన ఒక ప్రెయిరీలో వాలంటీర్‌ని. పోయిన జూన్ అంతా స్వీట్ క్లోవర్ అనే కలుపు మొక్క పీకడమే పని. వాన పడ్డ మర్నాడైతే వేరుతో సహా వస్తుంది, నేల ఎండితే పైనే పటుక్కున విరిగి మళ్లీ చిగురేస్తుంది. దాని విత్తనాలేమో మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. మొదటి రెండేళ్లూ ఆ చోటు చూసినవాళ్లు పిచ్చిమొక్కల దిబ్బ అనే అన్నారు, ఎందుకంటే మా గడ్డి అప్పటికి కిందకి వేళ్లు దింపుకునే పనిలోనే ఉంది. కాబట్టి గడ్డిపరక గారూ, ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా పాత ముక్క ఒక్కటే మొక్కజొన్న మధ్య ద్వీపంలా ఉంటే నిలవదు. మా రాష్ట్రంలోనే నచూసా అనే ప్రెయిరీలో 1986 నుంచి పాత ముక్కల మధ్య పొలాల్లో విత్తుతూ కలుపుకొచ్చారు, 2014లో బైసన్లనీ (అమెరికా అడవి దున్నలు) తెచ్చారు. పాత ముక్క పక్క పొలం అమ్మకానికొస్తే ముందు అదే కొనాలంటాను.

గడ్డిపరక:
పక్క పొలమైతే ఒప్పుకుంటా. ఎక్కడో ఊరవతల బీడు కొని మొదట్నుంచీ మొదలుపెడతామంటేనే నా గొడవ.

మట్టిమనిషి:
అయోవాలో అలాంటి పక్క పొలాలు ఎన్ని దొరుకుతాయో చూసి మాట్లాడండి సార్.