కర్నూలు–నంద్యాల దారిలో తిరిగే బండికి ఏబీఎస్ ఎంతవరకు అవసరం? దాన్ని ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: పాణ్యం బాటసారి

నమస్కారం. మాది పాణ్యం దగ్గర ఒక పల్లె, ఉద్యోగం కర్నూలులో. రోజూ జాతీయ రహదారి 40 మీద మోటారు సైకిల్‌పైనే వెళ్ళి వస్తుంటాను. పాతబడిన 100 సీసీ బండి అమ్మేసి 160 సీసీ బండి తీసుకోవాలనుకుంటున్నాను. షోరూములో అదే బండిని రెండు రకాలుగా చూపించారు. ఒకదానిలో ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం పట్టేయకుండా చూసే యాంటీలాక్ బ్రేకింగ్ ఏర్పాటు) ఉంది, దాన్ని సింగిల్ ఛానల్ అంటున్నారు. రెండోదానిలో రెండు చక్రాలకూ ఉంది, అది డ్యుయల్ ఛానల్. ధరలో కొన్ని వేల తేడా ఉంది.

వానాకాలంలో మా పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్ల టైర్లకు అంటుకున్న నల్లరేగడి మట్టి తారురోడ్డు మీద పరుచుకుంటుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే బండి నిలవదు. ఓర్వకల్లు చుట్టుపక్కల గొర్రెల మందలు ఉన్నట్టుండి రోడ్డెక్కుతాయి. ఈ రెండింటికీ భయపడే ఏబీఎస్ గురించి ఆలోచిస్తున్నాను. మా బావగారు మాత్రం, అదంతా కరెంటు వ్యవహారమనీ, పాడైతే చేతి చమురు వదులుతుందనీ, బ్రేకు పట్టడం తెలిసినవాడికి దానితో పని లేదనీ అంటున్నారు. ఏబీఎస్ వల్ల నిజంగా కలిగే మేలు ఏమిటి, డ్యుయల్ ఛానల్‌కు అదనంగా డబ్బు పెట్టడం దండగ అవుతుందా, కొన్న తరువాత దాన్ని ఎలా చూసుకోవాలి అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: గుత్తి రోడ్డు మెకానిక్, అనంతపురం

సార్, నేను బండ్లు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి మొదట అది పనిచేసే తీరు చెబుతాను. అది తెలిస్తే మిగిలిన ప్రశ్నలు సగం తేలిపోతాయి.

చక్రం తిరుగుతున్నంతసేపే హ్యాండిల్ మన మాట వింటుంది. కంగారులో ముందు బ్రేకు బలంగా పట్టేస్తే చక్రం తిరగడం మానేసి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఆ క్షణంలో అది కాస్త పక్కకు జారిందంటే ఎంత నేర్పరి అయినా బండిని నిలబెట్టడం దాదాపు అసాధ్యం. ఏబీఎస్ ఆపేది ఈ పట్టేయడాన్నే. మీరు డిస్కు పక్కన వంగి చూస్తే, చుట్టూ చిల్లులో పళ్ళో ఉన్న సన్నని ఉక్కు రింగు ఒకటి చక్రంతో పాటు తిరుగుతూ కనిపిస్తుంది. దానికి ఇంచుమించు మిల్లీమీటరు ఎడంలో వేలిచివరంత సెన్సార్ బిగించి ఉంటుంది. ఒక్కో చిల్లు దాని ముందు నుంచి దాటినప్పుడల్లా ఒక సంకేతం కంట్రోల్ యూనిట్‌కు చేరుతుంది. బండి వేగానికి పొంతన లేకుండా చక్రం వేగం ఒక్కసారిగా పడిపోతే, చక్రం పట్టేయబోతోందని ఆ యూనిట్ గ్రహించి, వాల్వుల ద్వారా ఆ బ్రేకులోని ఆయిల్ ఒత్తిడిని తగ్గిస్తుంది. చక్రం తిరగడం అందుకోగానే మళ్ళీ పెంచుతుంది. ఇది సెకనుకు పలుమార్లు జరుగుతుంది. మనిషి చేతికి అంత వేగమూ లేదు, ఏ చక్రం ఎప్పుడు పట్టేయబోతోందో ముందుగా తెలుసుకునే వీలూ లేదు. అందువల్ల బావగారి మాటను గౌరవిస్తూనే, ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోలేను.

ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు లివరు గానీ పెడల్ గానీ టకటకా అదురుతుంది. చాలామంది ఆ అదురుకు బెదిరి బ్రేకు వదిలేస్తారు. వదలకూడదు, పట్టిన పట్టు అలాగే ఉంచి, చూపు ఖాళీగా ఉన్న వైపు నిలిపి బండిని అటు నడపాలి. కొత్త బండి తీసుకున్నాక వాహనాలు లేని పొడి తారురోడ్డు మీద, హెల్మెట్ పెట్టుకుని, 30 కిలోమీటర్ల వేగంలో ముందు వెనుక బ్రేకులు గట్టిగా పట్టి ఆ అదురు ఎలా ఉంటుందో ఒకసారి చేతికి, కాలికి తెలియజేయండి.

ఇక సింగిల్, డ్యుయల్ సంగతి. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి, 2018 ఏప్రిల్ నుంచే కొత్త మోడళ్ళకు ఆ నిబంధన వచ్చింది. అయితే ఒక్క చక్రానికి ఉన్నా నిబంధన నెరవేరినట్టే. అందుకే సింగిల్ ఛానల్ బండ్లు అంత ఎక్కువగా ఉన్నాయి. వాటిలో వెనుక చక్రం మామూలుగానే పట్టేస్తుంది. మన ప్రాంతంలో ఎక్కువమంది చిన్నప్పటి నుంచి కాలి బ్రేకు మీదే ఆధారపడే అలవాటు ఉన్నవారు. భయం వేయగానే కాలు ముందు పోతుంది, వెనుక చక్రం జారి బండి అడ్డం తిరుగుతుంది. మీరు చెప్పిన రేగడి బురదకు, వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని తిరిగే అవసరానికి డ్యుయల్ ఛానలే తీసుకోమని నా సలహా. ఆ కొన్ని వేలు దండగ కావు.

సంరక్షణ విషయంలో జనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది బ్రేకు ఆయిల్‌ను. ఇది గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్న ద్రవం. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. నీరు చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. వరుసగా బ్రేకులు పట్టి డిస్కు కాగితే, తేమ చేరిన ఆయిల్ మరిగి బుడగలు కట్టి, లివరు మెత్తగా దిగిపోతుంది. పైగా ఆ తేమ ఏబీఎస్ యూనిట్‌లోని సన్నని దారులకు తుప్పు పట్టిస్తుంది, బావగారు భయపడే ఖర్చు అక్కడే మొదలవుతుంది. కాబట్టి బండి తక్కువ తిరిగినా రెండేళ్ళకు ఒకసారి ఆయిల్ పూర్తిగా మార్పించండి. హ్యాండిల్ మీది డబ్బాకు ఉన్న చిన్న గాజు కిటికీలోంచి చూడండి: కొత్తది పలుచని తేనె రంగులో ఉంటుంది, డికాషన్ రంగుకు తిరిగిందంటే కాలం చెల్లినట్టే. డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయించాలి. డాట్ 5 అనే సిలికాన్ రకం వేరే జాతిది, దాన్ని ఇందులో కలపనే కూడదు. మట్టం తగ్గితే ఆయిల్ పోసి ఊరుకోకుండా డిస్కును ఒత్తిపట్టే బ్రేకు ప్యాడ్లు చూపించండి, ఎందుకంటే ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దానంతట అదే దిగుతుంది.

సెన్సార్, రింగు మాత్రం శుభ్రంగా ఉంటే చాలు. బురదలో తిరిగి వచ్చాక మామూలు నీళ్ళతో కడిగి, మెత్తని బ్రష్‌తో రింగు చిల్లుల్లోని మట్టి తీసేయండి. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్‌ను సెన్సార్ మీదికి, దాని వైరు కనెక్టర్ మీదికి సూటిగా పెట్టనివ్వకండి. చెయిన్‌కు ల్యూబ్ కొట్టేటప్పుడు వెనుక డిస్కు మీద ఒక చుక్క కూడా పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి.

జవాబు: రాయచోటి దారి ఉపాధ్యాయుడు, కడప

మెకానిక్ అన్నగారు చెప్పిన ప్రతి మాటా విలువైనదే. వాటికి తోడు ఏబీఎస్‌కు ఉన్న హద్దులు కూడా మీరు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను, ఎందుకంటే ఏబీఎస్ ఉందన్న ధీమాతో వేగం పెంచేసిన కుర్రవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఏబీఎస్ రోడ్డు మీద లేని పట్టును పుట్టించలేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది; గొర్రెను చూసి మెదడు గ్రహించి చేయి బ్రేకు అందుకునేలోపు ఆ 17 మీటర్లు గడిచిపోతాయి, ఏబీఎస్‌కు అప్పటికింకా పనే మొదలుకాలేదు. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. ఈ లెక్కను ఏ యంత్రమూ మార్చలేదు. మీరు చెప్పిన తడి రేగడి మీద కూడా ఏబీఎస్ మిమ్మల్ని పడిపోకుండా కాపాడవచ్చు గాని, పొడి రోడ్డు మీద ఆగినంత దగ్గరలో ఆపలేదు.

రెండో హద్దు మలుపులది. కడప నుంచి రాయచోటికి వెళ్ళే గువ్వలచెరువు ఘాట్‌లో బండిని ఒక పక్కకు వాల్చి తిప్పవలసిన మలుపులు ఉన్నాయి. బండి వాలి ఉన్నప్పుడు టైరు పట్టులో కొంత భాగం మలుపు తిరగడానికే ఖర్చవుతుంది, మిగిలిందే బ్రేకుకు దక్కుతుంది. మామూలు ఏబీఎస్‌కు చక్రం వేగం తప్ప బండి ఎంత వాలిందో తెలియదు. వాలును కొలిచే సెన్సార్ ఉన్న కార్నరింగ్ ఏబీఎస్ ఖరీదైన పెద్ద బండ్లలోనే ఎక్కువగా వస్తోంది. కాబట్టి మలుపులోకి దిగకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. దిగుడులో పై గేరులో వచ్చి బ్రేకుల మీదే భారం వేయకుండా, కింది గేరులో ఇంజిను పట్టుతో దిగితే డిస్కులు కాగవు.

టైర్ల గురించి ఒక మాట. గుండుగా అరిగిన టైరుతో ఎంత మంచి ఏబీఎస్ ఉన్నా ప్రయోజనం స్వల్పం. అందం కోసం వెడల్పు టైరు వేయించుకోవడం ఈ మధ్య చాలా చూస్తున్నాను. చక్రం చుట్టుకొలత మారితే సెన్సార్ లెక్కకు, అసలు వేగానికి పొత్తు కుదరదు. కంపెనీ ఇచ్చిన కొలతలోనే వేయించండి, గాలి మీటరు పెట్టి చూపించండి.

ప్రశ్న అడిగినవారు: పాణ్యం బాటసారి

ఇద్దరికీ ధన్యవాదాలు. డ్యుయల్ ఛానల్ తీసుకోవాలనే నిశ్చయానికి వచ్చాను. ఒక్క సందేహం మిగిలింది. మా సహోద్యోగి బండికి రోడ్డు పక్కన వెనుక చక్రం విప్పి పంక్చర్ వేయించారు. అప్పటి నుంచి మీటరులో ఏబీఎస్ దీపం ఆరడం లేదు. బ్రేకులు మాత్రం పడుతున్నాయట. ఆ దీపంతోనే బండి నడపవచ్చా?

జవాబు: గుత్తి రోడ్డు మెకానిక్, అనంతపురం

తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి, బండి కదిలి గంటకు 5 నుంచి 10 కిలోమీటర్ల వేగం అందుకోగానే ఆరాలి. చాలా బండ్లలో పద్ధతి ఇదే. తాళం తిప్పినా అసలు వెలగకపోవడం కూడా లోపమే, బల్బు పోయిందనో దీపాన్ని ఎవరైనా తప్పించారనో అనుమానించాలి. ఆరకుండా ఉంటే మామూలు బ్రేకులు పనిచేస్తాయి గాని ఏబీఎస్ పక్కకు తప్పుకున్నట్టు లెక్క. మెల్లగా ఇల్లు చేరవచ్చు, అలాగే నెలల తరబడి తిరగడం మాత్రం తగదు.

చక్రం విప్పాక వచ్చిన దీపమైతే కారణం చాలావరకు కంటికే దొరుకుతుంది. చక్రాన్ని రింగు ఉన్న వైపు నేలకు ఆనించి టైరు ఊడదీస్తే ఆ సన్నని రింగు వంగుతుంది. యాక్సిల్ పక్కన ఉండే బుష్షు అటుదిటు మారితే సెన్సార్‌కు, రింగుకు మధ్య ఎడం పెరుగుతుంది. సెన్సార్ వైరు క్లిప్పులోంచి తప్పి చెయిన్‌కో టైరుకో రాసుకుని తెగుతుంది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, సెన్సార్ ఎదుట రింగు ఒకే ఎడంతో తిరుగుతోందా, ఎక్కడైనా అటూ ఇటూ ఊగుతోందా అని చూడమనండి. వంగిన రింగును సుత్తితో కొట్టి సరిచేయించకండి, మార్పించండి. యూనిట్‌తో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

ఇంకొకటి ఉంది. సెంటర్ స్టాండు వేసి, గేరులో పెట్టి వెనుక చక్రం తిప్పుతూ చెయిన్ శుభ్రం చేసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది కాబట్టి అది ఎలాగూ మానాలి. ముందు చక్రం నిలిచి ఉండి వెనుకది మాత్రమే తిరగడం చూసి యూనిట్ దాన్ని లోపంగా భావించి దీపం వెలిగించవచ్చు. అటువంటప్పుడు తాళం ఆపి మళ్ళీ వేసి, బండి కొంచెం దూరం నడిపితే దీపం సాధారణంగా ఆరిపోతుంది. బ్యాటరీ నీరసించినా, హైవే కోసమని అదనపు లైట్లు బిగించేటప్పుడు ఏబీఎస్ ఫ్యూజు నుంచి కరెంటు లాగినా దీపం వెలగవచ్చు. ఇవేవీ కాకపోతే స్కానర్ ఉన్న సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్ళి లోపం సంకేతం చదివించమనండి. ఊహతో యూనిట్ మార్పించడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

జవాబు: కళ్యాణదుర్గం వేరుశనగ రైతు

చర్చ చదివాను. మా వైపు ఎర్రగరప దారుల్లో తిరిగేవారి కోసం ఒక మాట చేరుస్తాను. వదులు కంకర మీద, ఇసుక మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగడానికి ఎక్కువ దూరమే తీసుకుంటుంది. పట్టేసిన చక్రం ముందు కంకర గుట్టగా పోగై బండిని ఆపుతుంది, ఏబీఎస్ చక్రాన్ని తిరగనిస్తుంది కాబట్టి ఆ అడ్డు ఏర్పడదు. అందుకే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వంటి కొన్ని బండ్లలో వెనుక చక్రపు ఏబీఎస్‌ను ఆపుకునే మీట ఇచ్చారు. తారురోడ్డు ఎక్కగానే దాన్ని మళ్ళీ వేసుకోవాలి. పాణ్యం సోదరుడికి రోజూ నడిచేది హైవే కాబట్టి ఆ మీట అవసరం లేదు, డ్యుయల్ ఛానల్ సరిపోతుంది. పొలం బాటలోకి దిగినప్పుడు మాత్రం ముందు బండికి ఇంకాస్త ఎడం ఇచ్చి నడిపితే చాలు.