పిల్లలు పెట్టిన కెమెరా మీద తువ్వాలు కప్పడం తప్పంటారా?

టెక్కలి మాస్టారు

నేను రిటైర్డ్ టీచర్ని. టెక్కలిలో నేనూ మా ఆవిడా ఉంటాం. నాకు 68, ఆవిడకి 63. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి హైదరాబాదులో. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు కనుమ నాడు అబ్బాయి హాల్లో ఒక కెమెరా బిగించాడు. గోడ గడియారం పక్కన, తలకాయ అటూ ఇటూ తిప్పే రకం. "మీకేమైనా అయితే నాకు తెలియాలి కదా నాన్నా" అన్నాడు. నేను సరే అన్నాను. "మీ అమ్మని కూడా అడగరా" అనలేదు. అది నా తప్పే.

వాడు వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం, మిగిలిన అరిసెల డబ్బా మూత తీశాను. గోడ మీంచి వాడి గొంతు: "నాన్నా, షుగర్ రిపోర్ట్ గుర్తుందా?" డబ్బా చేతిలోంచి జారిపోయింది. అప్పటికి నవ్వుకున్నాం. తర్వాత రాత్రి పదకొండుకి లైటు వేస్తే "నిద్ర పట్టలేదా" అని మెసేజి. చేపలమ్మే ఆవిడని ఎండలో చూడలేక లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తే, ఆవిడ గడప దాటక ముందే "ఎవరమ్మా ఆమె" అని ఫోను.

అసలు గొడవ వేరే. మొన్న మా వియ్యపురాలు ఫోన్లో మా ఆవిడతో "వదినగారూ, ఆ ఆకుపచ్చ నైటీ మీకు బాగుంది" అంది. పాపం మంచిగానే అంది. మా ఆవిడ నైటీలో ఉంటే పైన తువ్వాలు వేసుకోకుండా పాలవాడికి కూడా తలుపు తీయదు. ఆ సాయంత్రం ఆ తువ్వాలే తీసుకెళ్ళి కెమెరా మీద వేసేసింది.

అబ్బాయికి కోపం వచ్చింది. ఇంత ఆలోచించి మీకోసం పెడితే ఇలాగా అని, వారం నుంచి వాళ్ళమ్మతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. తువ్వాలు తీయమని ఆవిడకి చెప్పాలా, కెమెరా తీసేయమని వాడికి చెప్పాలా? మీ ఇళ్ళల్లో ఎలా ఉంది?

బెంగళూరు బ్యాచ్

మాస్టారూ, మాది నరసన్నపేట. మీ అబ్బాయి వైపు నుంచి చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఒక ఆదివారం పొద్దున్న ఇంటికి 11 సార్లు ఫోన్ చేశాను. అమ్మా ఎత్తలేదు, నాన్నా ఎత్తలేదు. పక్కింటివాళ్ళ నంబరు నా దగ్గర లేదు. పండక్కి వచ్చినప్పుడు వీధి చివర కిరాణా కొట్లో ఫోన్‌పే చేసిన సంగతి గుర్తొచ్చింది. అందులో నంబరు పట్టుకుని ఆయనకి ఫోన్ చేసి, కాళ్ళావేళ్ళా పడి మా ఇంటికి పంపించాను. తీరా చూస్తే ఇద్దరూ తెల్లవారుజామునే అరసవల్లి దర్శనానికి వెళ్ళారు. ఫోన్లు రెండూ టీవీ దగ్గర ఛార్జింగులో ఉన్నాయి. సాయంత్రం అమ్మ "అంత కంగారేటిరా, సూర్యనారాయణుడి దగ్గరికే కదా వెళ్ళాం" అని నన్నే తిట్టింది.

ఆ రెండు గంటలు నేనెలా ఉన్నానో వాళ్ళకి ఎలా చెప్పను? ఇక్కడ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శ్రీకాకుళం రోడ్డులో దిగేసరికి దాదాపు ఒక రోజు. విమానం దొరికినా విశాఖ నుంచి టెక్కలి మళ్ళీ 150 కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్నవాడికి ఆ చిన్న కెమెరా ఒక ఊరట. తువ్వాలు తీయించండి.

విజయనగరం కోడలు

కెమెరా పెట్టినవాళ్ళ బాధ వినిపిస్తోంది. కెమెరా కింద ఉండేవాళ్ళ బాధ నేను చెప్తాను.

మా అత్తమామలతో ఉండేది నేనూ మా ఆయనా. మా బావగారు అమెరికాలో ఉంటారు. రెండేళ్ళ కిందట వచ్చి వంటింటి గుమ్మంలోకి ఒకటి, హాల్లోకి ఒకటి పెట్టించి వెళ్ళారు, అమ్మని చూసుకోవాలనిపిస్తుంది అని. బాగానే ఉంది. కానీ ఆయన చూసేది అమ్మనా, నన్నా? అత్తయ్యకి ఏడింటికి టిఫిన్ పెట్టకపోతే ఏడుంపావుకి మెసేజి. "అమ్మ ఇందాకటి నుంచి ఒక్కతే కూర్చుంది" అని ఇంకోటి. నేను అప్పుడు మేడ మీద ఆవిడ దుప్పట్లే ఆరేస్తున్నాను. మేడ మీద కెమెరా లేదు కాబట్టి ఆ పని లెక్కలోకి రాలేదు.

అంట్లు తోమే అప్పలమ్మ రెండో నెలలో మానేసింది. "మీ బావగారు నేను సబ్బు ఎంత వాడుతున్నానో సూస్తన్నారంటమ్మా" అంది. ఎవరు చెప్పారో తెలీదు. కొత్త మనిషి దొరకడానికి నెల పట్టింది. ఆ నెల అంట్లు ఎవరు తోమారో ఆ కెమెరాలో చక్కగా కనిపించి ఉంటుంది. దాని గురించి మాత్రం మెసేజి రాలేదు.

మాస్టారి భార్యగారికి నా నమస్కారం. తువ్వాలు అలాగే ఉంచమనండి.

లా కాలేజీ రోడ్డు

చిన్న విషయం. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం మాత్రం సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే దానికి వర్తించదు. కాబట్టి కొడుకు అమ్మానాన్నల ఇంట్లో కెమెరా పెడితే ఆ చట్టం అడ్డురాదు. అది వేరు, ఇంట్లో పనిచేసే మనిషికి ముందే చెప్పడం వేరు. అప్పలమ్మకి చెప్పాల్సింది.

బెంగళూరు బ్యాచ్

అయ్యా, అమ్మా కొడుకుల తువ్వాలు గొడవకి తొమ్మిది మంది జడ్జీలు ఎందుకండీ?

లా కాలేజీ రోడ్డు

మీ ఇంట్లో వదినమ్మలు ఉంటే ఒక్క జడ్జి చాలు.

ఆమదాలవలస జంక్షన్

నవ్వులాట మధ్యలో ఇది చెప్పడం బాగోదేమో, అయినా చెప్తాను.

మా అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాదులో. ఇంట్లో కెమెరా ఉంది, హాల్లో. పోయినేడాది ఒకరోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి ఫోన్లో చూశాను. హాలు ఖాళీ, ఫ్యాను తిరుగుతోంది. పడుకుని ఉంటుందిలే అనుకుని మీటింగులో కూర్చున్నాను. పదకొండుకి మళ్ళీ చూశాను. ఖాళీయే. అప్పుడూ ఏమీ అనిపించలేదు. పన్నెండు దాటాక పూల కోసం వచ్చిన పక్కింటి పిల్ల పెరటి గోడ మీంచి చూసింది. అమ్మ నూతి గట్టు దగ్గర పడి ఉంది. తుంటి ఎముక విరిగింది. అరిచి అరిచి గొంతు పోయింది. 108 వచ్చింది, ఆపరేషన్ అయింది, ఇప్పుడు వాకర్‌తో నడుస్తోంది.

కెమెరా లేకపోయి ఉంటే ఫోన్ చేసేవాణ్ణి. ఎత్తకపోతే ఎవరో ఒకర్ని పంపేవాణ్ణి. ఖాళీ హాలు చూసి నిశ్చింతగా కూర్చున్నాను. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు.

అయినా కెమెరా తీయలేదు. పెరట్లో ఇంకోటి పెట్టించాను. అది లేకపోతే నాకు నిద్ర పట్టదు.

విజయనగరం కోడలు

అన్నయ్యా, మీ అమ్మగారు కోలుకున్నందుకు సంతోషం. కానీ మీరే అన్నారు, అది లేకపోతే మీకు నిద్ర పట్టదని. అంటే అది మీ నిద్ర కోసం పెట్టింది.

ఆమదాలవలస జంక్షన్

అవునమ్మా. నా నిద్ర కోసమే. అదేమైనా తప్పా? నేను నిద్రపోకపోతే రేపు ఉద్యోగం చేయలేను, ఉద్యోగం చేయకపోతే ఆవిడ మందులు కొనలేను. ఇద్దరం బతకాలి కదా.

కెమెరాలు బిగించేవాణ్ణి

మాది విజయనగరం, కోట దగ్గర షాపు. సంక్రాంతి తర్వాత పది రోజులు మాకు తీరికే ఉండదు, అన్నీ ఇలాంటి ఇళ్ళే. కొడుకు ముందు నిలబడి చూపిస్తాడు, ఇక్కడ పెట్టు అక్కడ పెట్టు అని. తల్లి వంటింట్లోంచి మాకు టీ పంపిస్తుంది. ఆవిడని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు ఇన్నాళ్ళూ.

మాస్టారూ, మీ సమస్యలో సగం సెట్టింగుల్లో ఉంది. ఆ యాప్‌లో "షేర్" అని ఉంటుంది. మీ అబ్బాయి దాన్ని ఎవరెవరికి ఇచ్చాడో చూడమనండి. కోడలు ఫోన్లో ఉంటే, ఆ ఫోను వాళ్ళ అమ్మగారి చేతిలోకి వెళ్తే ఆవిడా చూస్తుంది. మాట వినిపించేది ఆపేయచ్చు. చాలా వాటిలో ఫలానా టైము నుంచి ఫలానా టైము వరకే పనిచేసేలా పెట్టచ్చు. పాస్‌వర్డు పెట్టెలో వచ్చిందే ఉంచేస్తే మాత్రం ఇవాళే మార్చండి, అలాంటివాటిలోకి దూరేవాళ్ళు ఎక్కడో కూర్చుని దూరుతారు.

ఇంకోటి, కరెంటు పోతే వైఫై పోతుంది, వైఫై పోతే కెమెరా గుడ్డిది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లో కూడా రౌటర్ని దానికి కలపరు. ఇది ఎన్ని ఇళ్ళల్లో చూశానో.

ఉద్దానం కొబ్బరి

ఆ కరెంటు మాట మీద చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాది మందస వైపు. తెల్లారేసరికి మా తోటలో నిలబడిన కొబ్బరి చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. జీడి తోటలు నేలమట్టం. స్తంభాలు రోడ్డు మీద. కరెంటు లేదు, టవర్లు లేవు, ఫోన్లు చచ్చిపోయాయి. చెన్నైలో మా అబ్బాయి టీవీలో మా ఊరి పేరు వింటూ నాలుగు రోజులు అన్నం తినలేదట. చివరికి సోంపేట నుంచి మా మేనల్లుడు పడిన చెట్ల మీంచి బండి ఎత్తుకుంటూ వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కెళ్ళి సిగ్నల్ ఉన్న చోటి నుంచి వాడికి చెప్పాడు.

ఆ తర్వాత మా అబ్బాయి కెమెరా పెట్టలేదు. మా వీధిలో ఐదుగురి నంబర్లు రాసుకెళ్ళాడు. ఎదురింట్లో మా తాళంచెవి ఒకటి ఇచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆ ఐదు ఇళ్ళకీ వెళ్ళి కూర్చుంటాడు, పిల్లలకి ఏవో తెస్తాడు. నంబరు ఉంటే సరిపోదు, ఆ నంబరుకి అర్ధరాత్రి ఫోన్ చేసే చనువు ఉండాలి.

కెమెరా కూడా ఉందిలెండి మాకు. బయట, తోట వైపు. ఎలుగుబంటి వస్తే తెలియాలని.

బెంగళూరు బ్యాచ్

ఐదు ఇళ్ళ సంగతి బాగుంది. మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు. మిగిలిన సగంలో ఉన్నది మా అమ్మానాన్నల్లాంటివాళ్ళే. ఎవరి తాళంచెవి ఎవరికివ్వాలి?

లా కాలేజీ రోడ్డు

పెద్దవాళ్ళ కోసం 14567 అని ఎల్డర్‌లైన్ నంబరు ఉంది, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా. అర్ధరాత్రికి పనికిరాదనుకోండి. అప్పుడు 108, 112.

టెక్కలి మాస్టారు

ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. ఎలుగుబంటి దగ్గర బాగా నవ్వింది. ఆమదాలవలస అబ్బాయి రాసింది చదివినప్పుడు మాత్రం లేచి వెళ్ళి పెరటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది.

తర్వాత తనే మాట్లాడింది. నేనిన్నాళ్ళూ నైటీ సంగతే అనుకున్నాను. ఆవిడ మాటలే రాస్తున్నాను: "వాడు సూస్తే నాకేటి? పుట్టినప్పటి నుంచి నేను వాణ్ణి సూడలేదా? ఇదివరకు రోజూ రాత్రి ఫోన్ సేసి ‘ఏం కూరమ్మా’ అనేవాడు. నేను సెప్పేదాన్ని. వంకాయ ధర, ఎవరింట్లో ఏటైంది, అన్నీ అందులోనే వచ్చేవి. కెమెరా పెట్టినకాడి నుంచి అడగడం మానేశాడు. ఏం కూరో సూసేశాడు కదా."

నేను లెక్క చూశాను. ఇదివరకు ఫోను అరగంట. ఇప్పుడు మూడు నిమిషాలు, అందులో రెండు నిమిషాలు నా షుగరు.

బెంగళూరు బ్యాచ్

అమ్మగారి మాట గుచ్చుకుంది, ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, నేను రోజూ "ఏం కూర" అని అడిగితే మా అమ్మ "రోజూ అదే ప్రశ్న, ఇంకేం లేవా నీకు" అని విసుక్కుంటుంది. అడగకపోతే అడగలేదంటారు. ఒక్కరైనా మాకిది కావాలి అని తిన్నగా చెప్పరు.

విజయనగరం కోడలు

తమ్ముడూ, విసుక్కుంటూనే కూర పేరు చెప్తుందా లేదా?

బెంగళూరు బ్యాచ్

చెప్తుంది. ఎలా వండిందో కూడా.

ఆమదాలవలస జంక్షన్

నేను మాత్రం కెమెరా తీయను. మాస్టారిది ఇద్దరున్న ఇల్లు. మాది ఒక్క మనిషి ఉన్న ఇల్లు. రెండింటికీ ఒకటే సలహా కుదరదు.

టెక్కలి మాస్టారు

నిజమే బాబూ, నీకు నేను చెప్పను.

నిన్న రాత్రి అబ్బాయితో మాట్లాడాను. వాళ్ళమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇవాళ ఏం కూర నాన్నా" అన్నాడు. "నన్నడుగుతావేంట్రా" అని ఫోను ఆవిడకిచ్చాను. ఆనపకాయ అని చెప్పి, ఆ ఆనపకాయ ఇచ్చిన ఇంటివాళ్ళ అమ్మాయి పెళ్ళి సంబంధం దాకా వెళ్ళింది. నలభై నిమిషాలు.

అలాగని అంతా తేలిపోయిందనుకోకండి. కెమెరా తీయడానికి వాడు ఒప్పుకోలేదు. హాల్లోంచి తీసి ముందు వరండాలో గేటు వైపు పెట్టమన్నాడు. కోడలి ఫోన్లోంచి యాప్ తీసేయమంటే "ఎందుకు తీశావని అడిగితే ఏం చెప్పను నాన్నా" అంటున్నాడు. అది వాడి ఇంటి గొడవ, వాడే చూసుకోవాలి. రేపు మనిషిని పిలిచి వరండాలో బిగిస్తాం.

కెమెరాలు బిగించేవాణ్ణి

మాస్టారూ, ఆగండి. హాల్లో పెట్టే రకం తడిస్తే పనిచేయదు. పెట్టె మీద ఐపీ 65 అనో 66 అనో ఉందేమో చూడండి. లేకపోతే వరండాలో జల్లు కొడితే పోతుంది.

టెక్కలి మాస్టారు

చూశాను, లేదు. తువ్వాలు ఉంది కదా, వానొస్తే కప్పుతాం లెండి.